మేకు ముట్టని మేస్త్రి

మా వడ్రంగి మేస్త్రి పోయారు. అబుదాబి ముసఫ్ఫాలోని మా వర్క్‌షాపులో చాయ్ తాగుతూ కూలబడ్డారు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. నిన్న ఆయన్ని కరీంనగర్ పంపారు, చుట్టూ మేకులు దిగ్గొట్టిన ప్లైవుడ్ పెట్టెలో. “పెట్టె మేమే చేసుకుంటం, ఒక్క పూట ఆగుండ్రి” అని ముదీర్‌ను, అంటే మా మేనేజరును, బతిమాలాను. కాగితాల కోసం శవాన్ని వారం ఆపినవాళ్లకు ఒక్క పూట దొరకలేదు. నాకింకా ఒళ్లు మండుతూనే ఉంది.

ఎందుకో చెబుతాను. మొన్న ఎండాకాలం ఒక ఇంగ్లీషు దొర తన తాతముత్తాతల నాటి ఓక్ భోషాణం తెచ్చాడు. ముందు పలకల నిండా చెక్కిన పూలు. ఇక్కడి ఏసీ గాలికి కర్ర ఎండి అతుకులు వదిలాయి. మేస్త్రి దాని చుట్టూ తిరిగి చూసి నవ్వారు. ఎక్కడా ఒక్క మేకు లేదు, అన్నీ కర్రచీలలే.

“సూసినవా తమ్మీ, సముద్రం అవుతల గూడ మనోళ్లే ఉన్నరు” అన్నారు.

ఓక్‌లో ఇనుము దించితే చుట్టూ నల్లబడుతుంది. అందుకే చాయ్ వేళ కూడా చాకుతో చీలలు చెక్కుకుంటూ కూర్చునేవారు. చెక్కినదాన్ని బీడీలా చెవి మీద పెట్టుకునేవారు. ఒకసారి తొందరలో నేను మేకు తీస్తే కొయ్యసుత్తి విసిరారు. ఆ మధ్యాహ్నం నా పళ్లెంలో మామిడికాయ తొక్కు వేశారు. క్షమాపణ చెప్పడం ఆయనకు అలాగే వచ్చు.

భోషాణం అంతా ఆయన చేతుల మీదే అయింది, మూత బిగించడమే మిగిలింది. ఈ పొద్దున ముదీర్ వచ్చాడు.

“దొర రేపొస్తడు. నాలుగు మేకులు కొట్టి ఖలాస్ చెయ్యి.”

“రెండు దినాలు ఇయ్యుండ్రి సాబ్, చీలలు చెక్కి బిగిస్త.”

“అరే, పోయినోడు వచ్చి సూస్తడా?”

మీరే చెప్పండి. ముప్పై మందికి పని నేర్పిన మనిషిని నిన్ననే మేకులు కొట్టి పంపారు. ఇవాళ ఆయన చివరి పనికీ మేకులేనా?

నేను కదలకపోయేసరికి ముదీర్ పక్క షెడ్డు నుంచి ఒకతన్ని పిలిపించాడు. అతను సుత్తి, మేకుల డబ్బా పట్టుకొచ్చాడు. మూత భోషాణం మీద ఊరికే ఆనించి ఉంది. వెళ్లి దాని మీద కూర్చున్నాను.

“యల్లా, లే” అన్నాడు ముదీర్.

లేవలేదు. పాలిష్ పని చేసే నెల్లూరు భాయ్ చేతులు తుడుచుకుని నా పక్కన కూర్చున్నాడు. సుత్తి తెచ్చినతను ఇద్దరినీ చూశాడు. డబ్బా నేల మీద పెట్టి, “జర జరుగుండ్రి, నేను గూడ కూసుంట” అన్నాడు.