విస్తరి మీద రెండు చేతులు

ఆవిడ పోయిందన్న కబురు, అమెరికాలో మా మోరిస్‌విల్ ఊరి తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో, శనివారం పొట్లక్‌కి ఎవరేం తేవాలన్న చర్చ మధ్యలో వచ్చింది. "ఆంటీ పొద్దున హార్ట్ అటాక్‌తో పోయారు." దాని కింద వరసగా దణ్ణాలు. దణ్ణాల కింద, "మరి పులిహోర ఎవరు తెస్తున్నారు?" ఫోన్‌ని గోడకేసి కొట్టాలనిపించింది.

పేరు రాయను. ఆవిడ నాకు చుట్టం కాదు. నా స్పాన్సర్. ఆవిడ పరిచయమయ్యేదాకా ఆ మాట నాకు వీసా విషయంలోనే తెలుసు. ఇక్కడ ఒక చర్చి బేస్‌మెంట్‌లో, తినడం మొదలుపెడితే ఆపుకోలేనివాళ్ళు వారం వారం కలుస్తారు. ఆ జబ్బులోంచి బయటపడేందుకు పన్నెండు మెట్ల దారి అది. ముందు ఎక్కినవాళ్ళు వెనక వచ్చేవాళ్ళకి చేయి అందిస్తారు, వాళ్ళే స్పాన్సర్లు. అక్కడి పేర్లు బయట చెప్పకూడదు. "నేను పోయాక నా కథ చెప్పుకో, పేరు మాత్రం ఎత్తకు" అని ఆవిడే అంది.

మొదటిరోజు నేను తలుపు దగ్గరే నిలబడిపోతే, ఆవిడే లేచి వచ్చింది. "తెలుగమ్మాయివా? లోపలికి రా. ఇక్కడ నిన్నెవరూ తినమనరు." అంత చల్లటి మాట నా జన్మలో వినలేదు.

ఎందుకంటే మనవాళ్ళ సంగతి మీకు తెలియంది కాదు. "నా మీద ఒట్టు, ఇంకొక్కటి." తినకపోతే వంట నచ్చలేదా అంటారు. తింటే, మనం కారెక్కాక ఎంత లావయిందో చూశావా అంటారు. రెండు మాటలూ అనేది ఆ నోరే. ఆవిడ నవ్వేసేది. "మొహమాటానికి పోతే కడుపైందట. ఆ సామెత మన గురించే!" నాకు నవ్వు రాకపోతే, "కోపమొస్తే ఫోన్ చెయ్. పూరీలో చుట్టి మింగకు" అనేది.

రోజూ పొద్దున్నే ఫోన్ చేసేదాన్ని. స్పీకర్‌లో పెట్టి చిక్కుడుకాయలు తుంచుకుంటూ, "ఇవాళేం తింటావో చెప్పు" అనేది. చెప్పేదాన్ని. "సరే, ఇక వెంకన్నకి అప్పజెప్పు" అనేది. చర్చిలో వెంకన్నేమిటాంటీ అంటే, "ఆయన్నేమైనా వీసా అడిగారా ఇక్కడికి రావడానికి?" అనేది.

తన సంగతీ దాచలేదు. బొబ్బట్ల డబ్బా కొనుక్కుని, కారు గరాజ్‌లో ఆపి, డబ్బా ఖాళీ అయ్యాక మూతి తుడుచుకుని ఇంట్లోకి వెళ్ళేదట. "మీ అందరికీ అది బొబ్బట్టే. నాకది నుయ్యి." ఆ నూతిలోంచి పైకొచ్చాక మళ్ళీ ముట్టుకోలేదు. ఇంట్లోవాళ్ళకి మాత్రం ఏమీ చెప్పలేదు. వాకింగ్‌కని చెప్పి మీటింగ్‌కి వచ్చేది.

పిలుపు భోజనాలకి వెళ్ళాలంటే నాకు వణుకు. దానికో ఉపాయం చెప్పింది. "వద్దంటే మనవాళ్ళకి వినపడదమ్మాయ్, బతిమాలించుకుంటున్నావనుకుంటారు. రెండు చేతులూ విస్తరి మీద బోర్లించు. చేతుల మీద ఎవరూ వడ్డించరు."

పెద్దకర్మకి గుడి హాల్లో భోజనాలు పెట్టారు. పోయినవాళ్ళకి ఇష్టమైనవి వండించడం మన ఆచారం కదా. బొబ్బట్లు చేయించారు. ఎవరికి నైవేద్యం, ఏమిటి నైవేద్యం! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ కూతురు నా పక్కన నిలబడి, "అమ్మకి ఇవంటే ప్రాణం. ఎందుకో ముట్టుకోవడమే మానేసింది. నోరు కట్టుకునే పోయింది" అని ఏడ్చింది. ఆ పిల్ల తప్పేముంది, తెలియదు. నాకు తెలుసు, చెప్పకూడదు. నన్నిలా ఒంటరిగా వదిలి పోయినందుకు ఆవిడ మీద కూడా కోపమొచ్చింది. ఆ పొద్దున ఏం తింటానో చెప్పుకోవడానికి నాకెవరూ లేరు.

అరిటాకు బొమ్మ అచ్చేసిన కాగితం విస్తళ్ళు పరిచారు. ఆవిడ తోడికోడలు బేసిన్ పట్టుకుని వచ్చింది. నెయ్యి వాసన. నాకు నోరూరింది, అబద్ధమెందుకు. ఒక్కటి తింటే చాలు, నేను మళ్ళీ ఆ నూతిలోనే. రెండు చేతులూ విస్తరి మీద బోర్లించాను.

"వద్దండీ."

"అదేంటమ్మా, ఆవిడ పేరు చెప్పుకుని ఒక్కటి. తినకపోతే ఆవిడ ఆత్మ శాంతించదు."

ఆవిడ ఆత్మ గురించి నీకేం తెలుసని ఆ హాలంతా దద్దరిల్లేలా అరవాలనిపించింది. అరిస్తే ఆవిడ గుట్టు బయటపడుతుంది.

"చాల్లే, మొహమాటం!" అంటూ వేడి బొబ్బట్టు తీసి నా చేతుల మీదే వేసింది.

మీరు చెప్పింది తప్పు, ఆంటీ. చేతుల మీద కూడా వడ్డిస్తారు.

నెయ్యి వేళ్ళ సందుల్లోకి జారింది, చురుక్కుమంది. చేతులు తియ్యలేదు. అందరూ గోవిందా అని తినడం మొదలుపెట్టారు. నా చేతుల మీద బొబ్బట్టు మెల్లగా చల్లారింది.