పచ్చళ్ల పిన్నిగారి కోపం

ఆ రోజుల్లో నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే సూటిగా చెప్పడానికి సిగ్గేసేది. గన్నవరంలో టైర్ల షాపు మేడ మీద, రెండు గదుల్లో నడిచే చిన్న గేమ్ కంపెనీలో, లేని మనుషులకు జ్ఞాపకాలు రాసిపెట్టడం నా పని. (ఇంట్లో మాత్రం 'కంప్యూటర్' అని ఊరుకునేవాణ్ణి. ఆ ఒక్క మాట అందరికీ సరిపోయేది.) మా గేమ్‌లో ఒక బజారు వీధి ఉండేది. ఆడేవాళ్లు చేసిన మంచీ చెడూ ఆ వీధిలో ప్రతి మనిషికీ గుర్తుంటాయి. రోజులు గడిచేకొద్దీ ఆ గుర్తులు పలచబడతాయి. గుర్తున్నదాన్ని బట్టి ఆ పూట కోపమో సంతోషమో వస్తుంది. ఒకే రకం సంగతులు పేరుకుపోతే చివరికి అదే వాళ్ల స్వభావం అయిపోతుంది.

ఆ వీధిలో పచ్చళ్లమ్మే పిన్నిగారిని నాకు అప్పగించారు. జ్ఞాపకశక్తి అనగానే ఇరవై మూడేళ్ల నాకు తట్టిన మనిషి ఒక్కరే. కొండపల్లిలో నేను ఎవరింట్లో ఉండి ఉద్యోగానికి వెళ్లివచ్చేవాణ్ణో, ఆ మేనత్త. ఎప్పుడో ఒక పెళ్లిలో తనకు పప్పు వడ్డించకుండా దాటిపోయిన వియ్యపురాలు ఆ రోజు కట్టుకున్న చీర రంగుతో సహా చెప్పేది. ఏడో తరగతిలో నేను ఆవిడ పులిహోరలో ఉప్పెక్కువైందన్న సంగతి వారానికోసారైనా నా కంచం పక్కన నిలబడి గుర్తుచేసేది. ఇలాంటివన్నీ పేర్లు మార్చి పిన్నిగారికి ఎక్కించేశాను. పైగా ఆవిడకు అవమానాలు మాత్రం ఎన్నాళ్లైనా పలచబడకుండా ఏర్పాటు చేసి, ఎంత గొప్ప పాత్రను పుట్టించానా అని నాలో నేనే మురిసిపోయాను.

గేమ్‌లో డబ్బు పెడతానని హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన చూడ్డానికొచ్చారు. ఆయనకు నచ్చకపోతే మా ఆఫీసు మూతే. మా బాస్ (ఏమడిగినా 'కానిద్దాం' అంటాడు కాబట్టి మాకు ఆయన కానిద్దాంగారు) ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి ఆయన్ని కూర్చోబెట్టాడు. సరిగ్గా అప్పుడే, హనుమాన్ జంక్షన్‌లో చుట్టాల గృహప్రవేశం చూసుకుని వస్తూ, నన్ను వెంటబెట్టుకుని పోదామని మా అత్తయ్య లడ్డూల పొట్లంతో మేడ ఎక్కింది. ఆవిడకీ వెనక ఒక కుర్చీ వేశారు.

పెద్దాయన గేమ్‌లో నెమ్మదిగా నడుచుకుంటూ పచ్చళ్ల కొట్టుకు వెళ్లి, మర్యాదగా ఆవకాయ అడిగారు. పిన్నిగారు ఆయన్ని ఎగాదిగా చూసి, మీకు అమ్మనని చెప్పి తలుపు వేసేసింది. జరిగిందేమిటంటే, పనిచేస్తోందో లేదో చూద్దామని నెలరోజులుగా మేమంతా ఆవిడ జాడీలు తన్నాం. అవన్నీ ఆవిడ మనసులో భద్రంగా ఉన్నాయి. మేమంతా ఆడిన బొమ్మతోనే పెద్దాయనా ఆడుతున్నారు కాబట్టి, ఆవిడ లెక్కలో తన్నింది ఆయనే. ముందురోజే వాటిని చెరిపేయాల్సింది నేను. మర్చిపోయాను. మా వీధిలో మనుషులు తమకు గుర్తున్నవి ఇరుగుపొరుగుకు కూడా చెప్పుకుంటారు కాబట్టి, సోడాబండి అతనూ టైలరూ కూడా తలుపులు బిగించేసుకున్నారు. రెండు నిమిషాల్లో వీధంతా మూతపడింది.

"నేను ఇప్పుడే కదండీ వచ్చాను," అన్నారు పెద్దాయన, పాపం, ఆ తెరతోనే.

కానిద్దాంగారు నన్ను ముందుకు తోశాడు. అసలు ఆవిడకు ఏమేం గుర్తున్నాయో చూపించమన్నారు పెద్దాయన. జాబితా తెరిచి పైకి చదవడం మొదలుపెట్టాను. పెళ్లి, పప్పు, నెమలికంఠం రంగు పట్టుచీర... చీర దగ్గరికొచ్చాక గానీ నాకు వెలగలేదు, వెనక కుర్చీలో ఉన్నదెవరో. పేర్లయితే మార్చాను గానీ రంగు మార్చలేదు. పులిహోర దాకా ఎలాగో నత్తినత్తిగా చదివి ఆపేశాను.

అత్తయ్య లేచి తెర దగ్గరికొచ్చింది.

"ఇందులో మంచిది ఒక్కటీ లేదేంట్రా? ఇవే గుర్తున్న మనిషి తలుపేసుకోక ఏం చేస్తుంది?"

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అమ్మగారన్నది రాసుకోండని మా బాస్‌కి చెప్పి, నెలరోజుల్లో మళ్లీ వస్తానన్నారు. వెళ్లేటప్పుడు రెండు లడ్డూలు కూడా తిన్నారు.

సాయంత్రం బెజవాడలో రైలెక్కాం. తప్పయిపోయింది అత్తయ్యా అన్నాను. రాయనపాడు స్టేషను దాటాక ఆవిడ కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగింది.

"నీకు నాలుగేళ్లప్పుడు నాకు జ్వరమొచ్చింది. నా నుదుటి మీద తడిగుడ్డ వేసి, పొద్దుగూకేదాకా పక్కనుంచి కదల్లేదు నువ్వు," అంది. మళ్లీ, "అది నేల తుడిచే గుడ్డ. అయినా నేను తీయలేదు," అంది.

నాకది బొత్తిగా గుర్తులేదు. మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే, నువ్వెప్పుడు అడిగావు అంది.

మర్నాటి నుంచి నెలంతా, అత్తయ్య చెప్పిన మంచి సంగతులు ఒక్కొక్కటే పిన్నిగారికి రాసిపెట్టాను. పెద్దాయన మళ్లీ వచ్చినప్పుడు పిన్నిగారు జాడీల సంగతి ఎత్తి దులిపేసింది గానీ, తలుపు మాత్రం వేయలేదు. చేతిలో కాస్త ఆవకాయ పెట్టి రుచి చూడమంది. ఆఫీసు నిలబడింది. గేమ్ బయటికొచ్చింది, కొద్దిమందే ఆడారు.

ఇప్పుడు వేరే ఉద్యోగంలో ఉన్నాను. అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. మనుషుల మనసులు రాస్తున్నానని కాలరెగరేసుకు తిరిగాను గానీ, అప్పటిదాకా రోజూ నాకు అన్నం పెట్టే మనిషితో కూర్చుని ఒక్కపూట కబుర్లు చెప్పి ఎరగను.