కుళ్ళాయప్ప సున్నా పెట్టిన మిషన్లు

ఆయన పోయి పదకొండు నెలలయింది. పలకరించడానికి వచ్చినవాళ్లు టీ గ్లాసు కింద పెట్టగానే ఒకటే అడుగుతారు. "అంత మంచి ఆసరా ఉన్నోడు, ఆ పొద్దు బడిలో ఎందుకట్లా నోరు తెరిచినాడమ్మా?" అని. నోటితో చెబితే సగమే వస్తుంది. అందుకే రాస్తున్నాను.

మా ఆయన పేరు కుళ్ళాయప్ప. బెళుగుప్ప చుట్టుపక్కల ఎవరికి ప్రొజెక్టర్ కావాలన్నా ఆయనే పోవాలి. పెళ్లిలో ఫొటోలు తెర మీద వేయాలన్నా, చర్చి కూటాల్లో పాటల అక్షరాలు చూపించాలన్నా, క్రికెట్ ఫైనల్‌కు ఊరి నడుమ తెల్లగుడ్డ కట్టాలన్నా ఆయనే. నా పాత చీరలో మిషను చుట్టి, బండి మీద ముందు పెట్టుకుని, చంటిబిడ్డను తీసుకుపోయినట్టు పోయేవాడు. మా వైపు మిషన్లకు వానతో భయం లేదు, దుమ్ముతోనే. శనక్కాయలు కొట్టే నెలల్లో ఫిల్టర్ తీసి దులిపితే గుప్పెడు ఎర్రమట్టి రాలేది. చుట్టూ తొమ్మిది బడుల మిషన్లు కూడా ఆయనే చూసేవాడు.

మేముండేది నరేంద్ర కట్టించిన ఫంక్షన్ హాలు వెనక గదిలో. నరేంద్ర వాళ్లకు పొలాలున్నాయి, రాజకీయాలున్నాయి. ఆయన మా ఆయన కంటే ఎనిమిదేళ్లు చిన్న. అయినా మా ఆయన "అన్నా" అనే పిలిచేవాడు. హాలులో లైట్లు, మైకు, ప్రొజెక్టర్ చూసుకోవాలి, రాత్రి కాపలా ఉండాలి, గదికి బాడుగ లేదు. పద్నాలుగేళ్లు అట్లా గడిచాయి. ఆ గది గోడకు నేను కొట్టిన మేకులే ఇరవై ఉంటాయి.

ఇప్పుడు సున్నా పెట్టడం గురించి చెప్పాలి. పాత రకం ప్రొజెక్టర్‌లో ఒక ల్యాంపు ఉంటుంది. అది ఎన్ని గంటలు వెలిగిందో మిషనే లెక్క పెట్టుకుంటుంది. దాని వయసు అయిపోగానే తెర మీద ఎర్ర గుర్తు వేసి, ల్యాంపు మార్చమంటుంది. కొత్త ల్యాంపు వేసినాక ఆ గంటలను సున్నా చేయాలి. కానీ ల్యాంపు ఖరీదు విని అందరూ వెనక్కి తగ్గేవాళ్లు. "ఏదో ఒకటి చేయప్పా, పెళ్లి నెత్తి మీదుంది" అనేవాళ్లు. మా ఆయన రిమోట్ తీసుకుని, ల్యాంపు మార్చకుండానే సున్నా పెట్టేవాడు. ఎర్ర గుర్తు పోయేది. అందరూ సంతోషం. ఈ పని చేసేవాళ్లంతా చేసేదే అది.

ఒకసారి మా హాలులోనే, తాళి కట్టే వేళకు, అట్లా వయసు దాటిన ల్యాంపు ఒకటి పగిలింది. టపాకాయ అనుకుని పిల్లలు కేకలు పెట్టారు. ఈయన ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని మిషను విప్పాడు. లోపలంతా గాజుపొడి. అందులో పాదరసం ఉంటుందట, ఆవిరి పీల్చకూడదట. నరేంద్ర ఎక్కడిదో చౌక ల్యాంపు తెప్పించి వేయించాడు. ఆ తర్వాత కూడా సున్నాలు ఆగలేదు.

పోయిన ఏడాది ఎండలు ముదరకముందు హైస్కూలు హెడ్మిస్ట్రెస్ కృపాకుమారి మేడం మా గదికి వచ్చారు. బెంగుళూరులో పనిచేసే పాత విద్యార్థులు బడికి ప్రొజెక్టర్ కొనిస్తామన్నారట.

"నాకు ఈ మిషన్ల సంగతి తెలీదు కుళ్ళాయప్పా. దుకాణమాయన ఏది చెప్తే దానికి తలూపాల్సిందే. నువ్వు చూసి చెప్పు. ల్యాంపు లేనివి వచ్చినాయంట గదా?"

"వచ్చినాయి మేడం. రెండు రకాలు. ఎల్ఈడీది చిన్నది, చీకటి గదిలో బాగుంటాది. మీ హాలు కిటికీలకు రెక్కలే లేవు, బొమ్మ తేలిపోతాది. లేజర్‌దయితే పగలు గూడా నిలబడతాది. ల్యాంపుదానికి ఆర్పినాక గూడా ఫ్యాను తిరగాల, వేడి దిగాల. మన కరెంటు చెప్పి పోతాదా? లేజర్‌కు ఆ బాధ లేదు. దుమ్ము గూడా లోపలికి అంత పోదు."

"అయితే నీకు పని తగ్గిపోతుందేమో గదప్పా?"

"తగ్గుతాది మేడం. ఏం చేస్తాం, మట్టి దులిపేదన్నా తప్పుతాది," అని నవ్వాడు.

ఆమె తెచ్చిన కాగితం చూపించారు. తల్లిదండ్రుల కమిటీ ముందు మిషన్లు వేసి చూడాలి, ఏది మంచిదో ఈయన చెప్పి, చూసిన మనిషిగా సంతకం పెట్టాలి. తన పేరు కింద గీత చూసి ఈయన చాలాసేపు ఆ కాగితం పట్టుకునే కూర్చున్నాడు. అంతకుముందు ఎవరూ ఈయన్ని సంతకం అడగలేదు.

రెండు రోజులకు నరేంద్ర వచ్చాడు. గడప దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగాడు.

"టీ బాగుండాది అక్కా," అన్నాడు నాతో. తర్వాత ఈయన వైపు తిరిగాడు. "ఏమప్పా, హాలుకు లేజర్‌ది ఆర్డర్ పెట్టినా. మన పాతది బడికి ఇస్తాండా. సగం ధరకే. తిరిగింది రెండొందల గంటలే గదా."

"అన్నా, ఆ రెండొందలు నేను సున్నా పెట్టినాక తిరిగినవి. మూడుసార్లు పెట్టినా."

"నేను పెట్టమన్న్యానా? రిమోటు నీ చేతిలో, వేలు నీది."

ఈయన తన వేళ్లు చూసుకున్నాడు.

"బడుల్లో గూడా పెట్టినావు గదా. అది బయటికొస్తే పోయేది ఎవురి పేరు? నా పేరు కాదప్పా. సంతకం పెట్టు, కడుపులో సల్ల కదలకుండా ఉండు."

గ్లాసు నా చేతికే ఇచ్చి వెళ్లాడు. గట్టిగా ఒక్క మాట అనలేదు.

మిషన్లు చూసే రోజు వచ్చేదాకా, ఆ నాలుగు రోజులూ ఈయన అన్నం సరిగా తినలేదు. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు ఆరడుగులు; అటూ ఇటూ తిరిగేవాడు. లేజర్ మంచిదని చెబితే ల్యాంపుది ఎందుకు వద్దో చెప్పాలి. అది చెబితే గంటల సంగతి వస్తుంది. గంటల సంగతి వస్తే బడులూ పోతాయి, గదీ పోతుంది. చెప్పకుండా సంతకం పెడితే ఆ మిషను పిల్లల హాలులోకి పోతుంది.

"ఏమ్మే, నువ్వేమంటావు?" అని అడిగాడు.

"ఊరంతా చేసేదే గదా. తలూపి రా. ఈ వయసులో యాడికి పోతాం?" అన్నాను. నేనే అన్నాను ఆ మాట.

చూసే రోజు నేనూ బడికి వెళ్లాను, వెనక వరసలో కూర్చున్నాను. పగలు పదకొండు గంటలు. రేకుల హాలు, కిటికీల నిండా ఎండ. దుకాణమాయన అనంతపురం నుంచి ఎల్ఈడీది, లేజర్‌ది తెచ్చాడు. నరేంద్రది అట్టపెట్టెలో కొత్తదానిలా తుడిచి పెట్టారు. నరేంద్ర ముందు కుర్చీలో కూర్చున్నాడు. కమిటీకి పెద్ద రామక్క. కూలికి పోయే మనిషి, ఆ రోజు కూలి మానుకుని వచ్చింది.

ఎల్ఈడీది వేయగానే తెర మీద బొమ్మ పాలిపోయి కనిపించింది. "ఇందులో ఉండేది మనుషులా, దయ్యాలా?" అంది రామక్క. అందరూ నవ్వారు. లేజర్‌ది వేస్తే ఎండలో కూడా మ్యాపులో ఏటి గీతలు తెలిశాయి. నరేంద్రది కూడా బాగానే వెలిగింది. ముందు రోజే చౌక ల్యాంపు ఇంకొకటి వేయించాడు, అది నాకు తెలుసు. సగం ధర అనేసరికి అందరి తలలూ అటు తిరిగాయి. "రెండొందల గంటలే" అని తెర మీద ఉన్న అంకె చదివి మరీ వినిపించాడు నరేంద్ర.

మేడం కాగితం ఈయన ముందు పెట్టారు. ఈయన పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు.

"ఏమప్పా, నోట్లో బెల్లం పెట్టుకున్నావా? చెప్పు," అంది రామక్క.

"అది... యాడ పెడతారు మేడం మిషను?" అన్నాడు ఈయన.

మేడం పైన ఇనుప కమ్మీ చూపించారు. సరిగ్గా దాని కింద ఆరో తరగతి ఆడపిల్లలు వరసగా కింద కూర్చుని ఉన్నారు. ఈయన వాళ్ల తలలు చూశాడు, కమ్మీ చూశాడు.

"నరేంద్రన్న మిషను వద్దు మేడం," అన్నాడు. పెన్ను కింద పెట్టాడు. "ఆ రెండొందలు అబద్ధం. మిషను వయసు ఎప్పుడో అయిపోయింది. నేనే మూడుసార్లు సున్నా పెట్టినా. నిన్న వేసింది గూడా చౌక ల్యాంపే. పగిలితే గాజు, పాదరసం బిడ్డల నెత్తిన పడతాది. ఒగసారి పగిలింది, నేనే తుడిచినా. లేజర్‌ది తీసుకోండి."

రామక్క లేచి అడిగింది. "మా బడి పాతదాంట్లో గూడా పెట్టినావా?"

"పెట్టినాక్కా."

"థూ! నిన్ను నమ్మి బిడ్డలను దాని కింద కూచోబెడితిమే!" అంది. ఆమె కళ్లలో నీళ్లు. నరేంద్ర లేచి, చొక్కా సరిచేసుకుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయాడు. మేడం లేజర్‌దాని కాగితం మీద ఈయన చేత సంతకం పెట్టించుకున్నారు. కానీ ఆ రోజు నుంచి బడిలోకి మళ్లీ పిలవలేదు.

మేము గదికి వచ్చేసరికి హాలు గేటుకు కొత్త తాళం వేసి ఉంది. సామాను తీసుకోవడానికి సాయంత్రం దాకా టైం ఇచ్చారని కాపలాకు వచ్చిన కొత్త మనిషి చెప్పాడు. నేను ఆటో పిలిచాను. గిన్నెలు మూట కడుతూ ఈయన్ని నానా మాటలూ అన్నాను. ఈయన గడప మీద కూర్చుని ఫోన్ చేస్తున్నాడు. ఒక్కొక్క బడికి, వరసగా.

"సార్, కుళ్ళాయప్పను. మీ మిషను వేయొద్దండి. ల్యాంపు మార్చలేదు సార్, సున్నా పెట్టినా, అంతే. అవున్సార్. నాదే తప్పు."

అవతలివాళ్ల తిట్లు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. ఈయన ఫోను చెవికి దూరంగా కూడా పెట్టుకోలేదు.

"వాళ్లేమన్నా అడిగినారా? ఎందుకయ్యా నీ అంతట నువ్వే గొంతు కోసుకుంటావు?" అని అరిచాను.

"అడిగేకి వాళ్లకు తెలిస్తే గదా మే," అన్నాడు.

ఆటో అతను హారన్ కొట్టాడు. బియ్యం డబ్బా నేనొక్కదాన్నే ఎత్తి పెట్టాను. వచ్చి పట్టుకోమని ఈయన్ని అనలేదు, ఈయనా లేవలేదు. అప్పటికి ఆరు బడులయ్యాయి, ఏడో నంబరు కలుపుతున్నాడు.