స్పీకర్ పిన్నుకు ఒక ముడి

మా కంప్యూటర్ గది గోడ మీద నా చేత్తో రాసిన అట్ట ఒకటి ఉండేది. "మెయిన్ బందు చేయనిదే ఏ తీగనూ ముట్టరాదు." భద్రాచలంలో మా శిక్షణ కేంద్రం తెరిచిన మొదటి వారంలోనే, 2003లో, దాన్ని రాసి నాలుగు మూలలా మేకులు కొట్టించాను. అక్కడ నేను టైపింగు, కంప్యూటరు నేర్పేదాన్ని. గదిలో ఏడు మిషన్లు, ఒకే ఒక్క జత స్పీకర్లు.

ఆ వాక్యం వెనుక మా అన్న ఉన్నాడు. తిరుమలాయపాలెం దగ్గర మా పొలంలో తడి చేత్తో మోటారు స్టార్టర్ ముట్టుకొని పోయాడు. ఆనాటి డైరీ పేజీలో తేదీ, వేళ తప్ప మరేమీ రాయలేకపోయాను. మా వైపు రైతు ఇళ్ళలో పిల్లలకు మొదట నేర్పే జాగ్రత్త అదే: ముందు మెయిన్ బందు, తర్వాతే చెయ్యి. నా కంటికి కంప్యూటరు కూడా ఇంకో మోటారే. స్పీకర్లను ఒక మిషన్ నుంచి తీసి మరొకదానికి పెట్టాలంటే రెండింటినీ షట్‌డౌన్ చేయించేదాన్ని. మూడేళ్ళపాటు ఆ నియమాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. అందరూ రైతుల పిల్లలే కనుక అది వాళ్ళకూ సహజంగానే తోచింది.

2006 జనవరిలో చేరిన ఒక అమ్మాయి ప్రశ్నించింది. పర్ణశాల అవతల ఒక అడవి పల్లె ఆమెది. పుట్టుకతో చూపు లేదు. అంధుల బడిలో పదో తరగతి పూర్తిచేసింది. ఎండాకాలంలో ఇంటివాళ్ళతో కూర్చొని బీడీలకు పోయే తునికాకు కట్టలు కట్టేది. యాభై ఆకులకు ఒక కట్ట. లెక్క అంతా వేళ్ళతోనే.

"ఎప్పుడన్నా తప్పిపోతుందా?" అని మొదటి రోజు అడిగాను. లెక్కలంటే నాకు ఆసక్తి.

"ఒక ఆకు ఎక్కువైతే కట్టనే చెప్తది మేడమ్, పిడికిట్ల పట్టదు," అంది.

తెర మీదున్న అక్షరాలను ఇంగ్లీషులో చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఒక మిషన్‌లో ఉండేది. ఆమెను దాని ముందు కూర్చోబెట్టాను. మిగతావారికి తెర ఎలాగో ఆమెకు స్పీకర్లు అలాగ. మా సర్టిఫికెట్ తెస్తే ఫోన్ దగ్గర పని ఇస్తామని పట్నంలో ఒక దవాఖానావాళ్ళు ఆమె తండ్రికి మాట ఇచ్చారు. మే నెల దాటితే ఆ పని ఇంకొకరికి పోతుంది. కాబట్టి ఆమెకు ఉన్నది ఒక్క పరీక్ష.

ఆ గొంతు పక్కవాళ్ళకు విసుగు తెప్పించేది. అప్పుడు స్పీకర్లు తీసి హెడ్‌ఫోన్ పెట్టాలి. అంటే షట్‌డౌన్ చేసి, మళ్ళీ లేపి, ఆ సాఫ్ట్‌వేరు నోరు విప్పేదాకా కాచుకోవాలి. గడియారం పెట్టి చూశాను: తొమ్మిది నిమిషాలు.

"పిన్ను తీసేటందుకు మిషన్‌ను సంపుడెందుకు మేడమ్?" అంది ఒకనాడు.

"కరెంటు, పిల్లా. దానితో ఆటలొద్దు."

"మీరు కండ్లతోని చూసి భయపడ్తిరి. నేను ముట్టందే నాకు ఏదీ తెల్వదాయె."

ఆ మాట నన్ను వదల్లేదు. మరుసటి వారం మిషన్లు బాగుచేసే మనిషి ఖమ్మం నుంచి వచ్చాడు. నడుస్తున్న మిషన్ వెనుక చెయ్యి పెట్టి స్పీకర్ పిన్ను చటుక్కున లాగాడు.

"ఇది మోటారు కాదు మేడమ్," అన్నాడు నవ్వుతూ. "ఈ పిన్నుల మనిషికి తగిలేంత కరెంటు ఉండదు. నడుస్తుంటెనే తియ్యచ్చు, పెట్టచ్చు. గోడకు పోయే పవర్ తీగ జోలికి మాత్రం పోకుండ్రి. కీబోర్డు, మౌసులకు ఈ గుండ్రటి పిన్నులున్నయి సూడుండ్రి, మిషన్ నడవంగ అవి గుంజితే లోపటి బోర్డు పోతది."

ఒకరి మాట మీద నియమం మార్చడం నా పద్ధతి కాదు. ఆ సాయంత్రం ఒక్కదాన్నే ఉండి ఇరవైసార్లు తీసి పెట్టాను. శబ్దం తగ్గించకుండా తీసినప్పుడు స్పీకర్లు దభీమని మోగాయి. ముందు తగ్గిస్తే ఆ చప్పుడు లేదు. తీగ పట్టి లాగితే పిన్ను ఒరుగుతున్నది, మెడ పట్టి లాగితే తిన్నగా వస్తున్నది. ఇరవైసార్లూ మిషన్ ఆగలేదు. అన్నీ డైరీలో రాసుకున్నాను. అట్టను మాత్రం ముట్టుకోలేదు. నా రాతను నేనే కొట్టివేయడానికి మనసొప్పలేదు. జాగ్రత్త ఎక్కువైతే నష్టమేమిటని సర్దిచెప్పుకున్నాను.

ఇరవైసార్లు చేసి చూసిన సంగతి చెప్పి ఆమెకు నేర్పించాను. మిషన్ వెనుక ఒకదాని కింద ఒకటిగా మూడు రంధ్రాలు, మూడు రంగులు. రంగులతో ఆమెకు పనిలేదు. "మూడింట్ల నడుమది," అని ఒక్కసారి తడిమి చెప్పింది. స్పీకర్ తీగకు పిన్ను దగ్గర నారతో ఒక ముడి వేసుకుంది, హెడ్‌ఫోన్ తీగకు రెండు ముళ్ళు. తునికాకు కట్టలకు వేసే ముడే అది. ఎంత లాగినా జారదు.

పరీక్ష ఏప్రిల్ చివరి సోమవారం, పదకొండు గంటలకు. ఏడుగురు అభ్యర్థులు. చదివి వినిపించే విషయం మీద ఇంగ్లీషులో ఒక ఉత్తరం టైపు చేసి సేవ్ చేయాలి. సమయం ఇరవై నిమిషాలు. మధిర నుంచి వచ్చిన పరీక్షకుడు మర్యాదస్తుడు, నాలాగే నిక్కచ్చి మనిషి. ఆ మిషన్ ఎలా మాట్లాడుతుందో వింటానని అడిగి ఆయనే స్పీకర్లు పెట్టించాడు. విని, తల ఊపి, గడియారం మొదలుపెట్టాడు. నాలుగో నిమిషంలో పక్కనున్న అభ్యర్థి ఆ గొంతుతో తనకు పని సాగడం లేదన్నాడు.

"అమ్మాయ్, హెడ్‌ఫోన్ పెట్టుకోవాలి," అన్నాడు పరీక్షకుడు.

ఆమె చెయ్యి మిషన్ వెనక్కి పోయింది.

"ఆగమ్మా ఆగు. అక్కడ గోడ మీద అంత పెద్దక్షరాలతో రాశారు కదా. షట్‌డౌన్ చేసి మార్చుకో."

"ఆ అట్ట నేనెన్నడు సదువలే సార్," అంది ఆమె నెమ్మదిగా. ఇద్దరు నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఇరవైలో నాలుగు అప్పటికే పోయాయి. తొమ్మిది పోతే మిగిలేది ఏడు; టైపు చేసిన నాలుగూ కలిపినా పదకొండే. అలాంటి ఉత్తరానికి ఆమెకు కనీసం పన్నెండు కావాలని నాకు తెలుసు; ముప్పైసార్లు చేయించి చూసిన లెక్క అది. దవాఖానా ఉద్యోగం నా చేతిరాత కింద నలుగుతున్నది.

లేచి నిలబడ్డాను. "అది రాసింది నేనే సార్. అది తప్పు. స్పీకర్ పిన్నుకు మిషన్ ఆపనక్కరలేదు. నేను పరీక్షించి చూశాను."

"తప్పయితే తీసెయ్యకుండా ఎందుకు ఉంచారండీ?"

"ఉంచడమూ తప్పే," అన్నాను.

ఆయన గడియారం చూశాడు. "మీరు మాత్రం ముట్టడానికి వీల్లేదు. ఏం చేసినా ఆ అమ్మాయే చేసుకోవాలి. మిషన్ ఆగిపోతే మళ్ళీ అవకాశం లేదు."

"అవ్ సార్," అంది ఆమె.

స్పీకర్ మీద శబ్దం తగ్గించే గుండీని వెనక్కి తిప్పింది, దాని స్విచ్ బందు చేసింది. వేళ్ళు తీగ వెంట పాకి ఒక ముడి దగ్గర ఆగాయి. పిన్ను మెడ పట్టి తిన్నగా లాగింది. ఇక ఆమెకు తెర లేదు. గదిలో ఆరు కీబోర్డుల చప్పుడే వినిపిస్తున్నది. రెండు ముళ్ళున్న పిన్నును నడిమి రంధ్రంలోకి టక్కున దిగేదాకా నొక్కింది. హెడ్‌ఫోన్‌ను వెంటనే చెవులకు పెట్టుకోలేదు. మెడలో వేసుకొని, తల వంచి ఆలకించి, కీబోర్డు మీద ఏదో నొక్కి, అప్పుడు పెట్టుకుంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. అంతా కలిపి నిమిషం పట్టలేదు.

మూడు నిమిషాలు మిగిలి ఉండగా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఉత్తరంలో రెండు తప్పులు. అయిదు తప్పుల వరకు పాసే. మిగిలిన ఆరుగురిలో రెండు కంటే తక్కువ తప్పులు చేసింది ఒక్కరే. పరీక్షకుడు వెళ్ళే ముందు మిషన్ వెనక్కి వంగి ఆ ముళ్ళను తడిమి చూశాడు.

అందరూ వెళ్ళాక పాత అట్ట పీకేసి కొత్తది రాశాను: నడుస్తున్న మిషన్‌కు స్పీకర్లు మార్చే పద్ధతి, నాలుగు వరుసలు, కింద, ముట్టకూడని తీగల పేర్లు. రాసి ఆమెకు చదివి వినిపించాను.

"ఒకటి తక్కువున్నది మేడమ్."

నాలుగూ మళ్ళీ సరిచూసుకున్నాను. "ఏంది తక్కువ?"

"హెడ్‌ఫోన్ చెవులకు ఆఖర్న పెట్టుకోవాలె. స్పీకర్ గుండీ తిప్పితే స్పీకరే తగ్గుతది. మిషన్ల సప్పుడు అట్లనే ఉంటది. సక్కగ చెవుల పెట్టుకుంటే చెవులు పగుల్తయి. మెడల ఏసుకొని విని, మిషన్ల తగ్గించుకొని, గప్పుడు పెట్టుకోవాలె." నా వైపు తిరిగి, "మీరు ఇరవైసార్లు చేసిండ్రు గని, ఒక్కసారన్న చెవులకు పెట్టుకుంటిరా?" అంది.

పెట్టుకోలేదు. డైరీ తీసి చూడనవసరం లేకుండానే తెలుసు.

అట్ట మీద అయిదో వరుస రాసే చోటు లేదు. ఆ అట్ట పక్కన పెట్టి ఇంకోటి తీసుకున్నాను. ఆమె చెప్పింది, నేను రాశాను. అయిదు వరుసలూ ఆమె మాటలే. మే నెలలో దవాఖానాలో చేరిన తర్వాత ఒక రోజు మా కేంద్రానికి ఫోన్ చేసింది. అట్ట ఇంకా ఉన్నదా అని అడిగింది. ఉన్నదన్నాను. నా కింద నేర్చుకున్నవారందరి పేర్లూ ఒక పుస్తకంలో రాసి ఉంచాను, వరుస సంఖ్యలతో సహా. నాకు నేర్పినవారి కోసం పేజీ కేటాయించింది మాత్రం ఆ ఏడాదే. అందులో మొదటి సంఖ్య ఆమెది.