సూర్యం గారి కణతలు

1934లో ఏలూరులోని ఒక నాటక సమాజంలో మేకప్ మేన్‌గా చేరాను. ఆడవేషాల తలకట్టు నా బాధ్యత. అప్పట్లో ఆ వేషాలు ఎక్కువగా మగవాళ్ళే కట్టేవారు. మా నాయిక సూర్యం గారు. నడుం దాకా సొంత జుట్టు. విగ్గు పెట్టినవాడికి నాయిక వేషం ఇవ్వనని యజమాని ముందే తెగేసి చెప్పాడు. అంచేత ఆయన పేరూ, తిండీ ఆ జుట్టుమీదే ఉండేవి.

నా పద్ధతి ఇది. జుట్టు తడిపి, కణతల దగ్గర్నుంచి వెనక్కి లాగి, నాడాతో ముడివేసి, ఒత్తుకోసం సవరం కలిపి జడ అల్లేవాణ్ణి. ఆరేకొద్దీ ముడి ఇంకా బిగిసేది. కణతలు బిగిస్తే కనుబొమలు లేచి మగముఖం లేతబడుతుంది. పద్యానికి ఎన్ని వన్స్‌మోర్లు పడినా నా జడ జారదని నాకు మహా గర్వం! "కాస్త వదులు చెయ్యండి గురువుగారూ, కళ్ళు లాగేస్తున్నాయి" అని మొదటి నెలలోనే సూర్యం గారు అడిగారు. అలవాటవుతుందిలెండి అన్నాను. తరవాత ఆయన అడగడం మానేశారు.

మూడో ఏడు కొల్లేటి లంకలో, ఆయన అత్తవారి ఊళ్ళో ఆట వేశాం. తెల్లవారి పడవెక్కాం. పుట్టింట ఉన్న ఆయన భార్య సుందరమ్మ గారూ మాతో బయల్దేరారు. నీళ్ళమీద మంచు. గడ దిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. కిక్కిస పొదలే మావైపు నడిచి వస్తున్నట్టుంది. గూడబాతులు మంచులోంచి వచ్చి మంచులోనే కలిసిపోతున్నాయి. సూర్యం గారు సగం రంగు ముఖంతో కునుకుతున్నారు. వెనక కూర్చుని ఆమె నేనల్లిన జడ విప్పుతున్నారు. ఊడిన వెంట్రుకలు గాలికి లేచి నీళ్ళమీద వాలుతుంటే నేను మగతగా చూస్తున్నాను.

ఎండ వచ్చాక ఆయన కణతలు కనిపించాయి. రెండేసి వేళ్ళ వెడల్పున నున్నగా ఉన్నాయి. నాకది కొత్త కాదు. పేనుకొరుకుడని నాటు మందు రుద్దించి, ఆటకి మసి పూసి కప్పుతూనే ఉన్నాను.

"ఏవండీ, మీరు వేసేది జడా, పడవకి కట్టే మోకా?" అన్నారు సుందరమ్మ గారు తల ఎత్తకుండా. "పేను కొరికిందన్నారు. రెండు కణతలూ సమంగా కొరకమని పేనుకి ఎవరు నేర్పారండీ?"

నాకు తల కొట్టేసినట్టయింది. నిజమే. నేను లాగిన చోటే, లాగినంత మేరే పోయింది.

"ఊరుకోవే, వేషం నిలబెట్టింది ఆయనేగా" అన్నారు సూర్యం గారు కళ్ళు తెరవకుండానే. ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది.

తరవాతి ఆట తాడేపల్లిగూడెంలో. పొడి జుట్టుకే వదులుగా జడ వేశాను. సవరం బరువు కుదుళ్ళమీద పడకుండా దాన్ని దారంతో రవిక వీపుకి కుట్టాను. ముఖం ముదిరిందని యజమాని విసుక్కున్నాడు. జారితే వేషం పోతుందని నాకు తెలుసు. తెరపక్కనే నిలబడ్డాను. రెండో పద్యానికి వన్స్‌మోర్ పడింది, దారం తెగి జడా జారింది. సూర్యం గారు దాన్ని ముందుకు వేసుకుని, కొస నిమురుతూ మళ్ళీ అందుకున్నారు. జనం అది అభినయమనుకుని మూడోసారి కూడా పాడించారు!

జుట్టు రాలడం ఆగింది. పలచబడ్డచోట సన్నగా మొలిచింది. కణతల దగ్గర మాత్రం కుదుళ్ళే చచ్చిపోయాయి. ఆయన వేషాలు మానేదాకా ఆ రెండు చోట్లా నేనే మసి దిద్దాను.

లాగుతోందని వేషధారి అంటే అప్పుడే వదులు చెయ్యాలి. అడగడం మానేశాడంటే నొప్పి తగ్గిందని కాదు.