సున్నం వేయని గోడ

పేదరికం చూసినవాళ్లెవరికీ పెచ్చులూడిన గోడ అందంగా కనిపించదని, ఆ ముచ్చట లేమి ఎరగనివాళ్లదేనని ఒక అభిప్రాయం ఉంది. అందులో కొంత న్యాయం లేకపోలేదు. కాని జ్యోతిరాణి జీవితానికి ఆ కొలత సరిపోలేదు.

ఆమె పుట్టింది బషీరాబాద్‌లో, రెండు గదుల మట్టి ఇంట్లో. తల్లి భాగమ్మ కందిచేలలో కూలికి పోయేది. తండ్రి జంగప్ప తాండూరులో బండలు లారీలకెత్తేవాడు. ఇప్పుడు జ్యోతిరాణి వికారాబాద్‌లో స్టాఫ్ నర్సు. నలభయ్యో ఏడు దగ్గరపడుతుండగా, భర్త నవీన్‌కుమార్‌తో కలిసి సొంతిల్లు కట్టుకుంది. ఆ కొత్త ఇంటిని ఫ్రెంచ్ షాబీ షిక్ పద్ధతిలో, అంటే ప్రతి వస్తువూ ఏళ్ల తరబడి వాడగా అరిగినట్టు కనిపించేలా అలంకరించుకుంది. అంచులు అరగదీసిన తెల్ల బీరువా, వెలిసినట్టున్న గులాబీల కర్టెన్లు, లేసు గుడ్డ పరిచిన బల్ల. అన్నింటికంటె ఎక్కువగా ఆమె మనసు పెట్టింది ముందుగది గోడ మీద.

ఫోనులో ఆమె చూపించిన బొమ్మను పెయింటర్ బిచ్చయ్య మొదట తప్పుగా అర్థం చేసుకున్నాడు.

“గోడ మస్తు ఖరాబైంది మేడం. లప్పం పెట్టి సాఫ్ చేస్త.”

“అది ఖరాబైన గోడ కాదన్నా. మన గోడ గట్ల కావాలె.”

అతను నమ్మడానికి రెండు రోజులు పట్టింది. చివరికి ఆమె చెప్పినట్టే అడుగున ఆకుపచ్చ రంగు వేసి, అక్కడక్కడ కొవ్వొత్తి రుద్ది, దాని మీద తెలుపు వేశాడు. ఆరిన తరువాత గరుకు కాగితంతో గీకితే తెలుపు రాలి పచ్చ బయటపడింది. “ఇరవై ఏండ్ల సంది గోడలు మంచిగ చేసుడే నేర్సిన. చెడగొట్టుడు గిప్పుడు నేర్సుకుంటున్న” అని గొణుక్కుంటూ సామాను సర్దుకుపోయాడు.

ఆదివారం కొత్త ఇంటి ప్రార్థన. మొదటి పాట తల్లి ఎత్తుకోవాలని, పునాది తవ్విననాటి నుంచీ జ్యోతిరాణి కోరిక. గురువారం భాగమ్మ బస్సు దిగి వచ్చింది. గడప దగ్గరే ఆగిపోయింది.

“ఎవలు పోయిన్రు బిడ్డా?”

“ఎవలు పోవుడేందమ్మా?”

“మరి గోడ గిట్లెందుకుంది?”

బషీరాబాద్‌లో వాళ్ల వాడలో క్రిస్మస్‌కు ముందు ప్రతి ఇంటికీ సున్నం పడుతుంది. చావు జరిగిన ఇంటికి మాత్రం ఆ ఏడు వేయరు. జంగప్ప పోయాక భాగమ్మ మూడేళ్లు వేయలేదు. పెచ్చులూడిన గోడ ఆమెకు అలంకారమూ కాదు, అశుభ్రమూ కాదు. అది చావు కబురు.

“దీన్ని షాబీ షిక్ అంటరమ్మా. ఫ్రాన్స్‌ల గిట్ల చేసుకుంటరు.”

“షాబాద్ బండలంటె తెలుసు. గీ షాబీ ఏంది? ఫ్రాన్సోళ్ల ఇండ్లల్ల గూడ సావులైనయా?”

“నవ్వులాటకు కాదు. నాకు మంచిగనిపిచ్చి చేపిచ్చుకున్న.”

“నేనూ నవ్వులాటకు అంటలేను. మొగడు పోయినంక మూడేండ్లు గిసువంటి గోడ కిందనే కూసున్న. ఆదివారం దీని ముందర కూసోను, పాట పాడ. నాతోని గాదు.”

శుక్రవారమంతా తల్లీకూతుళ్ల మధ్య అన్నం, స్నానపు నీళ్ల మాటలు తప్ప వేరే మాట నడవలేదు.

శనివారం మధ్యాహ్నం జ్యోతిరాణి డ్యూటీ ముగించుకొని వచ్చేసరికి భాగమ్మ స్టూలెక్కి ఉంది. చేతిలో కుంచె. గోడలో ఎడమ సగం మచ్చలేని తెలుపు. అత్త అడిగితే కాదనలేక నవీన్‌కుమార్ రంగు డబ్బా తెచ్చిచ్చి, జరగబోయేది చూడలేక బజారుకు వెళ్లిపోయాడు.

“దిగమ్మా. పడ్తవ్.”

“ఇంక సగమే ఉంది.”

“నాకొక మాట చెప్పొద్దా?”

“చెప్తె ఏయనిస్తవా?”

జ్యోతిరాణి యూనిఫాంతోనే నేల మీద కూర్చుంది. ఎన్నడూ చెప్పనిది చెప్పింది.

“నాయిన పోయిన మూడో ఏడు వానలకు సున్నం రాలింది యాదికుందా? కిందికెల్లి పచ్చ కనవడ్డది. నాయిన ఏసిన పచ్చ. పదో తరగతి మొత్తం ఆ గోడ పొంటి కూసోనే చదివిన. ఆయన ఇంట్లనే ఉన్నట్టుండె. మల్ల ఏడు నువ్వు సున్నమేసినవ్. పోయింది. నాయినకు పసందైన రంగని గదే ఏపిచ్చిన.”

భాగమ్మ కుంచె నుంచి రెండు చుక్కలు బండ మీద రాలాయి.

“మీ నాయినకు పసందా? చర్చి కిటికీలకు ఏసినంక మిగిలిన డబ్బా అది. ఊకెనే ఇచ్చిన్రని మోసుకొచ్చిండు. ఇల్లు పోలీసు ఠాణా లెక్క కనవడ్తుందని పది దినాలు తిట్టిన. ఆయిల్ రంగు మీద సున్నం ఆగకపాయె.”

జ్యోతిరాణికి నవ్వు వచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

“నువ్వు దాన్ని సూస్తున్నవని నాకు తెల్వదు బిడ్డా,” అంది భాగమ్మ. “నేను తలకాయ ఎత్తకపోయేది.”

ఒకే గదిలో, ఒకే గోడ కింద మూడేళ్లు బతికిన ఇద్దరిలో ఒకరు అందులో చావును చూశారు, మరొకరు చచ్చిపోయిన మనిషిని చూసుకున్నారు. జ్యోతిరాణికి ఆ గోడ అందంగా కనిపించడం అబద్ధం కాదు, ఎవరినో చూసి నేర్చిన ముచ్చటా కాదు. కాని ఎదురుగా ఉన్న గోడ అది కాదు. ఇందులోని పచ్చ పోయిన నెల బిచ్చయ్య వేసినది. రేపు ఈ గదిలో కూర్చునేవాళ్లలో చాలామంది ఆ వాడవాళ్లే. వాళ్లు తన గోడను చూడరు, తల్లి గోడనే చూస్తారు. పోయిందెవరని భాగమ్మనే అడుగుతారు. తాను ఒక్కతే చదువుకోగల రాతను పదిమంది కూర్చునే చోట రాయించానని ఆమెకు తోచింది. తల్లి మాటే సరైనదని మాత్రం ఆమె అప్పుడూ అనుకోలేదు, తరువాతా అనుకోలేదు.

లేచి బట్టలు మార్చుకుంది. రెండో కుంచె తీసుకొని, గోడలో మిగిలిన సగానికి తనే తెల్లరంగు వేసింది. బీరువాను, కర్టెన్లను కదిలించలేదు. ప్రార్థన అనుకున్న వేళకే జరిగింది, మొదటి పాట భాగమ్మ పాడింది. జ్యోతిరాణి ఆ గోడను మళ్లీ గీకించలేదు.