మామ అలిగితే పుట్టిన అక్షరాలు

మా మనవరాలిది కంప్యూటరులో అక్షరాలు గీసే ఉద్యోగం. పాతకాలపు నాటకాల వాల్‌పోస్టర్ల తరహాలో ఒక తెలుగు ఫాంటు తయారుచేస్తూ, మొన్న నా పెట్టెలోని పోస్టరు ముక్క చూసి, సన్నగా పొడుగ్గా ఉన్న ఈ అక్షరాలకు తలకట్లు మీసాల్లా పైకి తిరిగి ఉన్నాయేమిటి, ఇది ఏ శైలి తాతయ్యా అని అడిగింది. శైలి కాదమ్మా, మా చిన్నమామ అలక అన్నాను.

రాజధాని ఇంకా కర్నూలులోనే ఉన్న రోజులవి. ప్రొద్దుటూరులో మా నాయన చిన్న ప్రెస్సు నడిపేవాడు. ఒక పత్రికలో ఉద్యోగానికి చేరకముందు నేను అక్కడే కంపోజింగు చేస్తూ, పెద్ద అక్షరాలు కావలసి వస్తే కాగితం మీద గీసి, పక్కవీధి వడ్రంగి చాచా చేత చెక్కలో చెక్కించేవాణ్ణి. మా అమ్మ తమ్ముడు చిన్నమామ చుట్టుపక్కల పేరుపడ్డ దుర్యోధనుడు. ఆయన పేరు పెద్దపసుపుల చిన్న వెంకటసుబ్బారాయుడు. ద్రౌపది వేషం కట్టే ఆమెదేమో రెండక్షరాల పేరు. పోస్టరులో ఒక్కొక్కరికి ఒక్క వరసే కనుక, ఆమె పేరు గుమ్మడికాయలంత, ఆయన పేరు ఆవగింజలంత పడేది. జమ్మలమడుగు నాటకానికి వేసిన ప్రూఫు చూడగానే మామకు కోపం నెత్తికెక్కింది.

"ఏంది బావా ఇది? ఆయమ్మ పేరు ఎర్రగుంట్లకు కనపడతాది, నాది చీమల బారు మాదిరి ఉండాది!"

"కాయితం ఇంతే ఉండాది, నీ పేరేమో గూడ్సుబండి. నన్నేం చేయమంటావు?" అన్నాడు నాయన.

"పేరు నేను పెట్టుకుంటినా? రెండూ ఒకే ఎత్తు లేకపోతే రంగు పూసుకునేది లేదు. ఆ గద నువ్వే పట్టుకో పో!"

ఇంటిపేరు తీసేద్దామని నాయన, ససేమిరా అని మామ. దుర్యోధనుడు లేకుండా నాటకం లేదు, ఒప్పుకున్న నాటకం ఆడకపోతే మామకు మళ్లీ పిలుపు రాదు, అయినా బావాబావమరుదులు ఎవరి పట్టు వాళ్లు పట్టుకుని కూర్చున్నారు. అన్నం వడ్డిస్తున్న అమ్మ విసుక్కుంది.

"పులివెందల బస్సు చూల్లేదా మీరు? కూచుంటే పట్టని జనం నిలబడితే పట్టరా? అక్షరాలను గూడా నిలబెట్టండి!"

నిలబెట్టే పని నా మీద పడింది. తెలుగు అక్షరానికి పుట్టుకతోనే పొట్ట. దాన్ని బిగబట్టించి, వత్తులను కాళ్లసందున ఇరికించి, పక్కకు చాచే చోటులేక తలకట్టును పైకి మెలిపెడితే అచ్చం మామ మీసమే అయి కూర్చుంది.

పోస్టర్లు అంటించిన పొద్దున నాయన, మామ, నేను జమ్మలమడుగు వెళ్లాం. మామ రెండు పేర్లనూ జానతో కొలిచాడు. ఎత్తు సరిపోయింది కానీ, నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే ఆ పేరు వెదురుతడికలా ఉందే తప్ప చదవడానికి రావడం లేదు. మామ మొహం ముడుచుకుంది. అంతలో ఎడ్లబండి మీద పోతున్న ఒకాయన బండి ఆపి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ, పెద్ద గొంతుతో ఆ పేరంతా ఇంటిపేరుతో సహా చదివాడు. వెనక ఇంకో ఇద్దరు చేరి ఆయన తప్పులు దిద్దారు. మామ మా నాయన వీపు మీద ఒక్క చరుపు చరిచాడు.

"చూస్తాండావా బావా? ఆయమ్మ పేరు చూసి పోతాండారు. నా పేరు కాడ నిలబడతాండారు!"

ఇప్పుడు రోడ్డు పక్క రాతలన్నీ కారులో పోయేవాడికి ఒక్క చూపులో అందుతున్నాయి. చదవడం తేలికైంది, మంచిదే. ముక్కూమొహం తెలియని మనిషి పేరును గోడ ముందు నిలబడి ఆసాంతం నోరారా పలికే తీరిక మాత్రం ఎవరికీ లేదు.